ఫ్లైట్ ఎక్కే ముందు.. జీతం ఇచ్చేదెవరో తెలుసుకోండి

ఆన్‌సైట్, వర్క్ పర్మిట్, షిప్ జాబ్, విజిట్ వీసా.. ఊళ్లో అన్నిటినీ ‘ఫారిన్ ఉద్యోగం’ అనే అంటారు. కానీ ఒక్కోదానికి హక్కులు వేరు, ఖర్చు వేరు, రిస్కు వేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బయల్దేరాలనుకునే విద్యార్థులు ముందే చూసుకోవాల్సిన లెక్కలివి.

టెక్కలి, రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం.. ఏ కాలేజీ తీసుకున్నా ఫైనలియర్ వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఒకటి క్యాంపస్ డ్రైవ్‌ది. రెండోది ‘సింగపూర్‌లో డేటా ఎంట్రీ, నెలకు లక్ష, ఇంటర్వ్యూ లేదు, పది సీట్లే ఉన్నాయి’ టైపు. మొదటిదానికి బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు, మూడు రౌండ్లు గట్టెక్కాలి. రెండోదానికి పాస్‌పోర్టు, డబ్బు ఉంటే చాలు.

నా బ్లాగుకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ ఈ రెండో రకం గురించే. ‘అన్నా, వెళ్లొచ్చా?’ అని అడుగుతుంటారు. దేశం పేరు చూసి దీనికి జవాబు చెప్పలేం. జీతం అంకె చూసి కూడా చెప్పలేం. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ పనిచేసినన్నాళ్లూ కాగితం మీద మీ యజమాని ఎవరు? ఇక్కడి కంపెనీయా, అక్కడి కంపెనీయా, ఓడ కంపెనీయా, లేక ఎవరూ కాదా? మీ వీసా, పీఎఫ్, తిరుగు టికెట్, గొడవొస్తే ఎవర్ని పట్టుకోవాలన్నది.. ఇవన్నీ ఆ జవాబు మీదే ఆధారపడతాయి.

వలస మనకు కొత్త కాదు

ఉత్తరాంధ్రలో విదేశీ పని అనేది ఐటీతో మొదలవలేదు. వందేళ్ల కిందట మన తాతముత్తాతలు రంగూన్ వెళ్లారు. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి బర్మాలో దిగేవారు. రేవుల్లో మూటలు మోశారు, వరి మిల్లుల్లో పనిచేశారు. అక్కడివాళ్లు మన తెలుగువాళ్లను ‘కొరంగీలు’ అని పిలిచేవారు. ఊరి నుంచి తీసుకెళ్లేది మేస్త్రీ. ముందు అడ్వాన్సు ఇచ్చి, తర్వాత కూలీలో కోసుకునేవాడు. అంటే పని మొదలెట్టకముందే అప్పు మొదలయ్యేది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. యాజమాన్యాలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకోగానే అల్లర్లు చెలరేగాయి. 1942లో జపాన్ దాడితో లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. చాలామంది అడవుల గుండా నడిచే వచ్చారు.

ఇప్పుడు స్టీమర్ల బదులు విమానాలు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వెళ్తే గల్ఫ్‌లోనో, సింగపూర్‌లోనో, మలేసియాలోనో వెల్డరుగా, ఫిట్టరుగా, రిగ్గరుగా పనిచేసొచ్చిన మనిషి దాదాపు ప్రతి వీధిలో కనిపిస్తాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలాక, తోటనే నమ్ముకున్న ఇళ్లకు బయటి జీతం ఇంకా అవసరమైంది. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలే బీటెక్ చదువుతున్నారు. వెళ్లే దారి మారింది కానీ మేస్త్రీ మాత్రం పోలేదు. ఇప్పుడతన్ని ‘కన్సల్టెన్సీ’ అంటున్నారు.

మోడ్-4 అంటే ఏమిటి?

మనిషి తాత్కాలికంగా వేరే దేశం వెళ్లి పనిచేసి రావడం అంతర్జాతీయ వాణిజ్యంలో ఒక భాగం. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటే సేవల వాణిజ్య ఒప్పందం ‘గాట్స్’ అమల్లోకి వచ్చింది. సరుకు ఓడలో వెళ్తుంది సరే, సేవ ఎలా వెళ్తుంది? గాట్స్ దీనికి నాలుగు పద్ధతులు చెప్పింది. రాజాంలో కూర్చుని లండన్ క్లయింటుకు కోడ్ రాసి పంపితే అది మోడ్-1. విదేశీ రోగి విశాఖ వచ్చి ఆపరేషన్ చేయించుకుంటే మోడ్-2. విదేశీ బ్యాంకు హైదరాబాద్‌లో శాఖ తెరిస్తే మోడ్-3. మనిషే స్వయంగా వెళ్లి, సేవ అందించి, తిరిగొస్తే మోడ్-4.

చాలామంది గమనించని విషయం ఒకటి ఇక్కడుంది. పక్క దేశంలో ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్లేవాళ్లకు తాము వర్తించమని గాట్స్ నిబంధనలే చెబుతున్నాయి. శాశ్వత నివాసానికీ, పౌరసత్వానికీ వర్తించవు. అంటే మోడ్-4 పరిధిలోకి వచ్చేది ప్రధానంగా కంపెనీ పంపిన ఉద్యోగి, కాంట్రాక్టు పని మీద వెళ్లిన నిపుణుడు. మిగతావాళ్లందరికీ ఆయా దేశాల వీసా చట్టాలు, మన ఎమిగ్రేషన్ చట్టమే దిక్కు. అందుకే ‘ఏ దారిలో వెళ్తున్నాను’ అన్నది అంత ముఖ్యం.

దారి 1: ఇక్కడి కంపెనీ పంపితే

ఐటీ భాషలో ఇదే ఆన్‌సైట్. మీ యజమాని ఇండియా కంపెనీ, లేదా దాని విదేశీ శాఖ. అమెరికాకు ఎల్-1 వీసా మీద పంపాలంటే, అంతకు ముందు మూడేళ్లలో కనీసం ఏడాది పాటు అదే సంస్థలో బయటి దేశంలో పనిచేసి ఉండాలి. కాబట్టి ‘జాయినైన మూడు నెలల్లో ఎల్-1’ అని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు.

హెచ్-1బీకి ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000 పరిమితి ఉంది. ఆ 65,000 అంకె గాట్స్‌లో అమెరికా ఇచ్చిన హామీల్లోనూ ఉంది. కానీ హామీ ఉన్నంత మాత్రాన దారి సాఫీగా ఉండదు. 2015 చివర్లో అమెరికా ఈ వీసాల మీద ఆధారపడ్డ పెద్ద కంపెనీలకు హెచ్-1బీకి 4,000 డాలర్లు, ఎల్-1కి 4,500 డాలర్ల అదనపు ఫీజు పెట్టింది. దాని మీద భారత్ 2016 మార్చిలో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. 2025 సెప్టెంబరులో అయితే, దేశం బయట ఉన్నవాళ్ల కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు ఏకంగా లక్ష డాలర్ల చెల్లింపు పెడుతూ అమెరికా అధ్యక్షుడు ప్రకటన జారీ చేశారు. తాత్కాలిక వీసా మీద కట్టుకున్న ప్లాను ఒక్క సంతకంతో తారుమారు కావచ్చు. కాబట్టి ‘ఎలాగూ అమెరికా వెళ్తాం’ అన్న లెక్కతో కోర్సులకు అప్పు చేయకండి.

జీతం స్లిప్పులో కనిపించే ఇంకో లెక్క కూడా చూడండి. హెచ్-1బీ ఉద్యోగి జీతంలో 6.2 శాతం అమెరికా సోషల్ సెక్యూరిటీకి పోతుంది. అక్కడ పెన్షన్ అర్హత రావాలంటే సుమారు పదేళ్లు కట్టాలి. మామూలుగా హెచ్-1బీ గడువు ఆరేళ్లు. ఆరేళ్లు కట్టి తిరిగొచ్చినవాడికి ఆ డబ్బు అందదు. ఇది రద్దు చేసుకునే ఒప్పందం అమెరికాతో మనకు లేదు. జర్మనీ, జపాన్, దక్షిణ కొరియా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ లాంటి దేశాలతో ఉంది. అక్కడికి కంపెనీ పంపితే ఈపీఎఫ్‌ఓ నుంచి ‘సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్’ తీసుకోవచ్చు. అప్పుడు ఇక్కడి పీఎఫ్ కొనసాగుతుంది, అక్కడ రెండోసారి కట్టక్కర్లేదు. 2025 జులై 24న భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలైనప్పుడు, కంపెనీలు తాత్కాలికంగా పంపే ఉద్యోగులకు మూడేళ్ల వరకు ఇలాంటి మినహాయింపు ఇవ్వడానికీ రెండు దేశాలు ఒప్పుకున్నాయి. ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు హెచ్‌ఆర్‌ను అడగాల్సింది ఇదే: ‘నన్ను డెప్యుటేషన్ మీద పంపుతున్నారా, లేక అక్కడి పేరోల్‌లోకి మారుస్తున్నారా?’

దారి 2: అక్కడి కంపెనీయే తీసుకుంటే

ఈ దారిలో యజమాని విదేశీ కంపెనీ. మధ్యలో రిక్రూటింగ్ ఏజెంటు ఉంటాడు. మన దగ్గర దీన్ని చూసేది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్న ఏజెంటే విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకోవాలి. ఆ లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. సర్వీస్ చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. ‘మా హెడ్డాఫీసు ముంబయిలో ఉంది, నేను ఇక్కడ సబ్ ఏజెంటుని’ అనే మనిషికి చట్టంలో చోటు లేదు.

ఇప్పుడు డిగ్రీ చదివినవాళ్లు జాగ్రత్తగా వినాల్సిన మాట. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, మలేసియా, ఇరాక్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్తున్న ఈసీఆర్ పాస్‌పోర్టుదారులకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. అంటే వాళ్ల కాంట్రాక్టును ఇక్కడే ఒక అధికారి చూస్తారు. ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు వస్తుంది. టెన్త్ పాసైతే చాలు, మీకు ఈసీఆర్ ఉండదు. ఇది సౌకర్యమే. కానీ మీ కాంట్రాక్టును చదివే ఆ అధికారి కూడా మీకు ఉండరు. టెన్త్ తప్పిన వెల్డరుకు దొరికే తనిఖీ బీటెక్ పాసైన మీకు దొరకదు. పైగా సింగపూర్, కంబోడియా, మయన్మార్ అసలు ఆ 18 దేశాల జాబితాలోనే లేవు. కాబట్టి ఆ అధికారి చేయాల్సిన పని మీరే చేసుకోవాలి.

ఎలాగంటే.. సింగపూర్ అయితే వర్క్ పర్మిట్, ఎస్ పాస్ ఏదైనా సరే, విమానం ఎక్కకముందే అక్కడి మానవ వనరుల శాఖ ఇచ్చే ‘ఇన్-ప్రిన్సిపుల్ అప్రూవల్’ లెటర్ మీ పేరు మీద రావాలి. అందులో కంపెనీ పేరు, పని, జీతం ఉంటాయి. ఆ లెటర్ నిజమైనదో కాదో ఆ శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. యూఏఈలో 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చులు యజమానే భరించాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. బ్రిటన్ 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేసింది. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ కనీస జీతాన్ని ఏడాదికి 41,700 పౌండ్లకు పెంచింది. ఆ తేదీ తర్వాత కూడా ‘యూకే కేర్ వీసా గ్యారంటీ’ అని పోస్టర్ కనిపిస్తే ఏమనుకోవాలో మీకే తెలుస్తుంది.

అప్పు లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ఏజెంటు లక్షన్నర అడిగాడనుకోండి. ఇంట్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. మొదటి నెల వడ్డీయే 3,000. అక్కడ తిండి, గది ఖర్చులు పోను నెలకు 20,000 ఇంటికి పంపగలిగారనుకుందాం. అప్పు తీరేసరికి తొమ్మిదో నెల వస్తుంది. అదే చట్టప్రకారం 35,400తో సరిపెడితే రెండో నెలకే తీరిపోతుంది.

తేడా ఏడు నెలలే కదా అనిపించొచ్చు. కానీ ఆ ఏడు నెలల్లో మీరు ఉద్యోగం మానలేరు. చెప్పిన పని ఒకటి, చేయించేది ఒకటి అయినా నోరు విప్పలేరు. జీతం రెండు నెలలు ఆపినా తిరిగి రాలేరు. ఎందుకంటే అప్పు తెచ్చింది నాన్న, తాకట్టులో ఉన్నది అమ్మ బంగారం. వీసా కూడా ఆ ఒక్క యజమానితోనే ముడిపడి ఉంటుంది. రంగూన్ మేస్త్రీ అడ్వాన్సు చేసిన పనే ఇప్పుడు ఈ అప్పు చేస్తోంది.

దారి 3: ఓడ మీద ఉద్యోగం

తీరప్రాంత మండలాల కుర్రాళ్లకు మర్చంట్ నేవీ మీద మోజు ఎక్కువ. ఇక్కడ యజమాని ఓడ కంపెనీ. దీనికి చట్టం వేరు, లైసెన్సు వేరు. ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. శిక్షణ కూడా డీజీ షిప్పింగ్ గుర్తించిన సంస్థలోనే తీసుకోవాలి. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందానికి భారత్ 2015లో ఆమోదం తెలిపింది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర ఫీజు తీసుకోకూడదు. మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ బుక్, పాస్‌పోర్టు ఖర్చులు మాత్రమే మీవి. కాంట్రాక్టు అయ్యాక ఇంటికి పంపే ఖర్చు ఓడ యజమానిదే. ‘నాలుగు లక్షలు కట్టు, నేరుగా ఓడెక్కిస్తా’ అనే మాట వినగానే ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు అడగండి. నంబరు చెప్పకపోతే అక్కడితో ఆపేయండి.

దారి కానిది: విజిట్ వీసా

‘ముందు విజిట్ మీద వెళ్లు, అక్కడ మారుస్తాం.’ ఈ మాట మీద వెళ్తే కాగితం మీద మీకు యజమానే ఉండడు. మీరు టూరిస్టు. పని చేస్తే తప్పు మీదే. జీతం ఎగ్గొడితే ఉద్యోగిగా ఫిర్యాదు చేయడానికి కాంట్రాక్టే ఉండదు.

దీని పర్యవసానం మన పక్కనే చూశాం. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠా గుట్టు బయటపెట్టారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, డబ్బు కట్టించుకుని, బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ గదుల్లో పెట్టి భారతీయుల మీదే ఆన్‌లైన్ మోసాలు చేయించారు. అదే నెలలో అక్కడ చిక్కుకున్న భారతీయులు కొందరు తిరగబడటంతో విషయం దేశమంతా తెలిసింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని ఇలాంటి స్కామ్ కేంద్రాల నుంచి బయటపడ్డ 549 మందిని వాయుసేన విమానాల్లో రెండు విడతలుగా తీసుకొచ్చారు. ఈ ముఠాలకు కావాల్సింది ఇంగ్లిష్, కంప్యూటర్, టైపింగ్ వచ్చినవాళ్లు. అంటే బరువులు మోసే కూలీలు కాదు, మనలాంటి గ్రాడ్యుయేట్లు.

తెరుచుకుంటున్న తలుపులు

భయపడి ఇంట్లో కూర్చోమని కాదు. ప్రభుత్వాల మధ్య ఒప్పందాలతో నడిచే దారులు పెరుగుతున్నాయి.

జపాన్: 2021 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ వీసా ఉంది. ఆ రంగంలో నైపుణ్య పరీక్ష, జపనీస్ భాషా పరీక్ష పాసవ్వాలి. మొదటి కేటగిరీలో ఐదేళ్ల వరకు ఉండొచ్చు, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి మాత్రం వీల్లేదు.

జర్మనీ: భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో ప్రకటించింది. జర్మన్ భాష వస్తే అవకాశాలు బాగా పెరుగుతాయి.

ఆస్ట్రేలియా: ‘మేట్స్’ పథకం కింద ఏటా 3,000 మంది యువ గ్రాడ్యుయేట్లకు రెండేళ్ల వరకు పనిచేసే వీలుంది. ఇంజినీరింగ్, ఐటీ, ఏఐ, పునరుత్పాదక ఇంధనం లాంటి రంగాలు. వయసు 30లోపు, డిగ్రీ పూర్తయి రెండేళ్లలోపు, చదివిన సంస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో తొలి వందలో ఉండాలి. మన జిల్లాల విద్యార్థులు ముందు ఈ చివరి షరతు చూసుకోవాలి.

రాష్ట్రం తరఫున విదేశీ నియామకాలు చూసే ఓంక్యాప్, ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. ప్రైవేటు కన్సల్టెన్సీ గుమ్మం తొక్కే ముందు వాళ్ల నోటిఫికేషన్లు చూడటం మంచిది. ఏ దారైనా సరే, భాష, నైపుణ్య పరీక్ష కోసం పెట్టిన డబ్బు వీసా రాకపోయినా వృథా కాదు. ఏజెంటుకిచ్చిన డబ్బు అలా కాదు.

డబ్బు కట్టే ముందు ఈ ఆరు అడగండి

1. ఆఫర్ లెటర్‌లో యజమాని పేరేంటి? ఆ కంపెనీ ఆ దేశ ప్రభుత్వ రికార్డుల్లో ఉందా?

2. వీసా రకం ఏమిటి? దాని మీద పని చేయడానికి అనుమతి ఉందా?

3. ఏజెంటు లైసెన్సు నంబరు ఎంత? ఈ-మైగ్రేట్‌లో, ఓడ ఉద్యోగమైతే డీజీ షిప్పింగ్ జాబితాలో అదే పేరుతో, అదే అడ్రసుతో కనిపిస్తోందా?

4. కట్టే ప్రతి రూపాయికీ రసీదు ఇస్తున్నారా? వ్యక్తి ఫోన్‌పే నంబరుకు పంపమంటున్నారా?

5. మధ్యలో ఉద్యోగం పోతే తిరుగు టికెట్ ఎవరిది? కాంట్రాక్టులో రాసి ఉందా?

6. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? అది భారత ప్రభుత్వ ఆస్తి. యజమాని దాచిపెట్టుకోకూడదు.

ఈ ఆరింటి జవాబులు ఒక కాగితం మీద రాసి, పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాపీలతో కలిపి ఇంట్లో ఒక సెట్ ఉంచండి. అక్కడ ఇబ్బంది వస్తే భారత రాయబార కార్యాలయానికి గానీ, విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయాల్సింది చాలాసార్లు ఇంట్లోవాళ్లే. ఆ కాపీలు వాళ్ల చేతిలో ఉంటే పని త్వరగా జరుగుతుంది. ఆరింటిలో ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా అప్పు తేవద్దని ఇంట్లో చెప్పండి. ‘సీట్లు అయిపోతున్నాయి’ అని ఏజెంటు ఎంత తొందరపెట్టినా సరే.